పెట్రోల్ బంకు ఉద్యోగం, పసుపు గొట్టం మాత్రలు, డీఎన్ఏ భయం

ప్రశ్న: మా వారు సూర్యాపేట దగ్గర హైవే మీద ఒక పెట్రోల్ బంకులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు. వయసు 34. సిగరెట్, మందు అలవాటు లేదు. నైట్ డ్యూటీలో నిద్ర రాకుండా వక్కపొడి నములుతారు. చిన్నప్పటి నుంచి ఫిట్స్‌కు ఫెనిటాయిన్ మాత్ర వాడుతున్నారు. ఈ మధ్య కాలేజీ విద్యార్థులు కొందరు వచ్చి, బంకులో అందరి బుగ్గల లోపల పుల్లతో గీకి శాంపిల్ తీసుకెళ్లారు. ఇక్కడి వాళ్లలో మైక్రోన్యూక్లియస్‌లు ఎక్కువగా ఉన్నాయని, పెట్రోల్ ఆవిరికి జన్యువులు దెబ్బతింటున్నాయని చెప్పారట. అప్పటి నుంచి ఆయనకు ఒకటే టెన్షన్. మా ఆడపడుచు భర్త ఒక కంపెనీ డీలర్‌షిప్ తీసుకున్నారు. పసుపు, గ్రీన్ టీ, ఉసిరి సారం, మిరియాల సారం కలిపిన గొట్టాలు (క్యాప్సూల్స్) వాడితే డీఎన్ఏకు రక్షణ అంటూ ఒక డబ్బా ఇచ్చి వెళ్లారు. నెలకు మూడు వేలు అవుతుందట. ఇంకా తెరవలేదు. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఇంట్లో పసుపు పాలు ఇస్తే సరిపోదా? మాకు ఒక పాప ఉంది, రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. అది కూడా భయంగానే ఉంది. (పేరు వద్దు, సూర్యాపేట జిల్లా)

సమాధానం: అమ్మా, డబ్బా తెరవకపోవడం మంచిదైంది. అలాగే తిరిగి ఇచ్చేయండి. మూడు వేలు దండగ అన్నది రెండో కారణం. మొదటి కారణం మీ వారు వేసుకునే ఫిట్స్ మాత్ర. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ బుగ్గ పరీక్ష గురించి మాట్లాడుకుందాం, భయం మొదలైంది అక్కడే కాబట్టి.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములు రెండు వైపులా సమానంగా సర్దుకోవాలి. ఒక్కోసారి విరిగిన ముక్కో, దారి తప్పిన క్రోమోజోమో వెనకబడిపోతుంది. దాని చుట్టూ చిన్న పొర ఏర్పడి, అసలు కేంద్రకం పక్కన చుక్కలా కనిపిస్తుంది. దాన్నే మైక్రోన్యూక్లియస్ అంటారు. ఇది అందరిలోనూ కొంత ఉంటుంది. ఏ రోగమూ లేని మనిషి బుగ్గలో కూడా వెయ్యి కణాలు లెక్కపెడితే ఒకటి రెండు కనిపించడం మామూలే. రసాయనాల మధ్య పనిచేసేవాళ్లలో ఈ లెక్క పెరుగుతుంది. మన దేశంలో పెట్రోల్ బంకు కార్మికుల మీద చేసిన అధ్యయనాలు చాలావాటిలో ఇదే కనిపించింది. హైదరాబాద్‌లోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు పురుగుమందులు తయారు చేసే కార్మికులను కామెట్ పరీక్ష అనే మరో పద్ధతిలో చూసి, వాళ్లలో డీఎన్ఏ తెగిపోవడం ఎక్కువని 2003లో ప్రచురించారు. కాబట్టి ఆ విద్యార్థులు చెప్పింది గాలి మాట కాదు.

అయితే ఈ పరీక్ష ఒక గుంపును ఇంకో గుంపుతో పోల్చడానికి పనికొస్తుంది. ఒక మనిషికి రేపు ఏమవుతుందో చెప్పదు. క్యాన్సర్ ఉందని అసలే చెప్పదు. బుగ్గ లోపలి కణాలు రెండు మూడు వారాల్లో రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. అంటే ఆ పుల్లకు అంటుకున్నది ఇటీవలి కొద్ది వారాల కథే, తొమ్మిదేళ్ల కథ కాదు. జరిగిన నష్టాన్ని కణం ఊరికే చూస్తూ కూర్చోదు కూడా. తెగిన చోట అతికించడానికి, డీఎన్ఏ రాతలో పాడైన అక్షరాన్ని తీసి కొత్తది పెట్టడానికి దానికి సొంత యంత్రాంగం ఉంది. ఆ రిపేరు ఎలా జరుగుతుందో విప్పి చెప్పినందుకే 2015లో లిండాల్, మోద్రిచ్, సాంజార్ అనే ముగ్గురికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఈ మాట మీ వారికి తప్పకుండా చెప్పండి. డీఎన్ఏ దెబ్బతిందంటే ఇక అంతే అని ఆయన అనుకుంటూ ఉండి ఉంటారు.

ఇంకో సంగతి. మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. వక్కపొడి! బుగ్గ కణాల్లో మైక్రోన్యూక్లియస్‌లు పెంచేవాటిలో వక్క ముందు వరుసలో ఉంటుంది. పొగాకు కలపకపోయినా సరే, వక్క ఒక్కటే మనుషుల్లో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. అందులోని అరెకోలిన్ లాంటి పదార్థాలు నోట్లో నైట్రోసమైన్లు అనే డీఎన్ఏకు పడని రసాయనాలుగా మారతాయి. ఆ వక్కపొడిని పెట్రోల్ అంటిన అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకుంటారు కదా, అది ఇంకో తంటా. కాబట్టి ఆ పరీక్షలో ఎక్కువ వచ్చింది అంతా పెట్రోల్ వల్లనే అనుకోవడానికి లేదు. మొక్కల నుంచి వచ్చే పదార్థాలు జన్యువులను కాపాడతాయా అని మీరు అడిగారు. మీ వారు ఇప్పటికే రోజూ తీసుకుంటున్న మొక్క పదార్థం ఒకటి జన్యువులను పాడుచేస్తోంది. అది మానిపించడానికి రూపాయి ఖర్చు లేదు. నిద్ర ఆపుకోవడానికే అయితే ఒక కప్పు టీ తాగమనండి.

ఇప్పుడు పెట్రోల్ సంగతి. అందులో మనకు ముఖ్యంగా పడనిది బెంజీన్. ఇది రక్త క్యాన్సర్ కలిగిస్తుందని గట్టిగా రుజువైన రసాయనం. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ప్రకారం మన పెట్రోల్‌లో ఇది ఒక శాతానికి మించకూడదు. తక్కువే అనిపిస్తుంది గానీ, రోజంతా నాజిల్ పట్టుకుని నిలబడే మనిషికి ఆ తక్కువే రోజూ అందుతుంది. చైనాలో తియాన్‌జిన్ చెప్పుల ఫ్యాక్టరీల కార్మికులను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం కన్నా తక్కువ బెంజీన్ ఉన్నచోట పనిచేసేవాళ్లలో కూడా తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తగ్గాయని అందులో తేలింది.

నిజానికి బెంజీన్ లోపలికి వెళ్లినప్పుడు నేరుగా డీఎన్ఏ మీద పడదు. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని పట్టుకుని మారుస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒక దారిలో అది గ్లుటాథయోన్ అనే పదార్థంతో జతకట్టి, నీళ్లలో కరిగే రూపంలోకి మారి మూత్రంలో పోతుంది. రెండో దారిలో హైడ్రోక్వినోన్‌గా మారి ఎముక మజ్జకు చేరి, అక్కడ బెంజోక్వినోన్‌గా మారుతుంది. రక్తకణాలు పుట్టే చోట క్రోమోజోములను విరగ్గొట్టేది ఇదే. మద్యం తాగేవాళ్లలో ఆ మొదటి ఎంజైము పెరుగుతుంది. మీ వారికి ఆ అలవాటు లేకపోవడం ఇక్కడ నిజంగా కలిసొచ్చింది. సిగరెట్ పొగలో కూడా బెంజీన్ ఉంటుంది. అదీ లేదు, ఇంకా మంచిది.

మొక్కల పదార్థాలు పనిచేస్తాయి అన్నప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పేది ఈ దారుల మధ్య ఎక్కడో ఒకచోట అడ్డుపడటం గురించే. కొన్ని ఆ రసాయనాన్ని కడుపులోనే పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. కొన్ని దాన్ని మూత్రం దారి పట్టిస్తాయి. కొన్ని రిపేరుకు కావలసిన సరుకు అందిస్తాయి. ఇది ఇప్పటి మాట కాదు. మాడిన చేప పైపొరలో మ్యూటేషన్లు (జన్యువుల్లో మార్పులు) కలిగించే పదార్థాలు ఉన్నాయని 1977లో జపాన్‌లో బయటపడింది. మరుసటి ఏడాదే అక్కడి త్సునియో కాడా బృందం క్యాబేజీ, వంకాయ, అల్లం, పుదీనా రసాలు అలాంటి పదార్థాల విషాన్ని విరుస్తాయని ప్రయోగశాలలో చూపించింది. ఆ తర్వాత ప్రపంచమంతా ప్రతి ఆకునూ, ప్రతి వేరునూ పరీక్షించడం మొదలైంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1990 ప్రాంతంలో ఎలుకలకు సీసం, అల్యూమినియం లవణాలు ఇచ్చి, వాటితో పాటు ఉసిరికాయ సారం పెట్టి చూశారు. క్రోమోజోములు విరగడం తగ్గింది. అంత మోతాదు విటమిన్ సి ఒక్కటే ఇస్తే వచ్చిన ఫలితం కన్నా కాయ సారంతోనే బాగా వచ్చింది.

పసుపు విషయంలో మనవాళ్లు చేసిన పని చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే మన ఎన్ఐఎన్, 1992లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. ఏళ్ల తరబడి పొగ తాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున నెల రోజులు ఇచ్చారు. పొగ తాగేవాళ్ల మూత్రంలో మ్యూటేషన్లు కలిగించే పదార్థాలు ఎక్కువగా పోతుంటాయి. పసుపు తిన్నాక అవి బాగా తగ్గాయి. ఒకటిన్నర గ్రాములంటే సుమారు అర టీస్పూను. వంటింటి మోతాదే అన్నమాట. ఈ అధ్యయనం మీద నాకు గౌరవం ఉంది. కానీ అందులో చూసింది మూత్రాన్ని. ఆ 16 మందికి క్యాన్సర్ రాకుండా పోయిందని కాదు, పెట్రోల్ ఆవిరి మీద చూసిందీ కాదు. దీన్నే పట్టుకుని డబ్బా మీద డీఎన్ఏకు రక్షణ అని రాసుకుంటే అది వ్యాపారం.

బెంజీన్ మీదే నేరుగా, మనుషుల్లోనే చేసిన పరీక్ష ఒకటుంది. చైనాలో చీదొంగ్ అనే ప్రాంతంలో గాలి కాలుష్యం ఎక్కువ. అక్కడ 291 మందితో 12 వారాల పాటు పరీక్ష నడిపి 2014లో ప్రచురించారు. కొందరికి బ్రకోలీ మొలకలతో చేసిన పానీయం రోజూ ఇచ్చారు, మిగతావాళ్లకు అవి లేని పానీయం. మొలకల పానీయం తాగినవాళ్ల మూత్రంలో, ఇందాక చెప్పిన మొదటి దారిలో బయటికి పోయే బెంజీన్ 61 శాతం పెరిగింది. అంటే మజ్జ దాకా వెళ్లకుండా కొంత పక్కదారి పట్టింది. చాలా బాగుంది కదా? అదే ప్రాంతంలో మోతాదు తగ్గించి మరో పరీక్ష చేసి 2019లో ప్రచురించారు. పూర్తి మోతాదుకే పని జరిగింది. సగం మోతాదుకు, ఐదో వంతు మోతాదుకు చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. వారానికోసారి నాలుగు బ్రకోలీ ముక్కలు తింటే చాలని ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తు చేయండి.

మరి ఎక్కువ మోతాదు గొట్టంలో దట్టించి ఇస్తే పోలా అని మీ ఆడపడుచు భర్త అడగొచ్చు. ఆ ప్రశ్నకు ఫిన్లాండ్ జవాబు చెప్పింది. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ తిండిలో ఎక్కువ తీసుకునేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని అంతకుముందు గమనించారు. అయితే మాత్రగా ఇద్దామని 29 వేల మందికి పైగా పొగ తాగే మగవాళ్ల మీద ఏళ్ల తరబడి పరీక్షించారు. 1994లో ఫలితాలు చూస్తే బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో పొగ తాగేవాళ్లు, ఆస్బెస్టాస్‌తో పనిచేసినవాళ్ల మీద నడుస్తున్న ఇలాంటి పరీక్షలో కూడా 28 శాతం ఎక్కువ కనిపించేసరికి, 1996లో గడువు కన్నా 21 నెలల ముందే దాన్ని ఆపేశారు. గమనించండి, హాని జరిగింది అప్పటికే రసాయనాల దెబ్బ తింటున్న మనుషులకు. మీ వారి లాంటి వాళ్లకే. రోజూ దెబ్బ తగులుతున్న శరీరంలో ఒక్క పదార్థాన్ని గుట్టగా పోస్తే అది ఎటు పనిచేస్తుందో ముందే చెప్పలేం. తిండిలో క్యారెట్ తిన్నవాళ్లలో ఇలాంటి హాని కనిపించలేదు.

గాజు పళ్లెంలో జరిగేదంతా ఒంట్లో జరగదు అన్నది ఈ రంగంలో మొదట నేర్చుకోవలసిన పాఠం. బ్రూస్ ఏమ్స్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970ల్లో చాలా తెలివైన, చవకైన పరీక్ష కనిపెట్టారు. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా చేసుకోలేని సాల్మొనెల్లా బాక్టీరియాను పళ్లెంలో వేసి, దాని మీద అనుమానం ఉన్న రసాయనం వేస్తారు. రసాయనం మ్యూటేషన్లు కలిగించేదైతే కొన్ని బాక్టీరియాలు మారి, హిస్టిడిన్ లేకుండానే బతికి మచ్చలు మచ్చలుగా పెరుగుతాయి. రసాయనంతో పాటు పసుపో తులసో కలిపినప్పుడు మచ్చలు తగ్గితే, ఆ మొక్కకు రక్షణ గుణం ఉందని రాస్తారు. ఇలాంటి వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. తమాషా ఏమిటంటే, రక్షణ పదార్థాల జాబితాల్లో తరచూ కనిపించే క్వెర్సెటిన్ అనే ఉల్లిపాయ పదార్థం ఒంటరిగా వేస్తే ఇదే పరీక్షలో తానే మ్యూటేషన్లు కలిగించింది. అందుకని ఉల్లిపాయ మానేస్తామా? మానం. పళ్లెం చెప్పే మాటకు ఉన్న విలువ ఎంతో తెలుసుకుంటాం, అంతే.

ఇప్పుడు గొట్టంలోని సరుకు గురించి. పసుపులో కర్క్యుమిన్ ఉండేది మూడు శాతం అటూ ఇటూ. మింగితే అది రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుంది. బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో చేసిన పరీక్షలో, రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం ఇస్తే రక్తంలోకి చేరడం 20 రెట్లు పెరిగిందని 1998లో ప్రచురించారు. అప్పటి నుంచి చాలా కంపెనీలు పసుపు గొట్టాల్లో మిరియాల సారం కలపడం మొదలుపెట్టాయి. మీ డబ్బా మీద రాసి ఉన్నది అందుకే.

చిక్కంతా ఇక్కడే ఉంది. పైపరిన్ కర్క్యుమిన్‌ను ఒక్కదాన్నే ఎక్కించదు. మందులను విరగ్గొట్టే కాలేయపు ఎంజైములను అది మందగింపజేస్తుంది. ఫెనిటాయిన్ రక్తంలో పెరుగుతుందని మనుషుల మీద చేసిన పరీక్షల్లోనే తేలింది. ఫెనిటాయిన్ అసలే పేచీ మందు. సరిపోయే మోతాదుకూ, ఎక్కువయ్యే మోతాదుకూ మధ్య ఖాళీ చాలా తక్కువ. ఎక్కువైతే నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. హైవే పక్కన రాత్రిపూట వాహనాల మధ్య తిరిగే మనిషికి ఇది ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కర్లేదు. ఇంట్లో చారులో వేసే మిరియాల గురించి కంగారు పడకండి. ఏళ్లుగా ఆ తిండి తింటూనే ఆయన డోసు కుదిరింది. కొత్తగా రోజూ గొట్టం రూపంలో చేరేదే సమస్య. పొరపాటున ఎప్పుడైనా వేసుకుని ఉంటే, పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఫిట్స్ మాత్ర మాత్రం ఎవరు చెప్పినా సొంతంగా ఆపొద్దు.

కాలేయం సంగతి కూడా ఒక మాట. పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో కాలేయం వాచిన కేసులు 2019లో ఇటలీలో వరుసగా బయటపడ్డాయి, తర్వాత అమెరికాలోనూ నమోదయ్యాయి. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం సప్లిమెంట్ రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరిగే అవకాశం ఉందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. కూరలో పసుపుకూ, కప్పులో టీకీ ఈ హెచ్చరిక వర్తించదు. బెంజీన్‌ను బయటికి పంపే పని చేసేది కాలేయమే కదా. దాని మీద ఇంకో బరువు మోపి రక్షణ అనుకోవడం నాకు అర్థం కాదు.

పసుపు పాలు ఇవ్వొచ్చా అన్నారు. నిక్షేపంగా ఇవ్వండి. ఆయనకు ఇష్టమైతే. మందుగా మాత్రం ఇవ్వకండి.

మందుగా కాకపోయినా, ఆయన పళ్లెంలో నేను తప్పనిసరిగా చూడాలనుకునేది వేరే ఉంది. ఆకుకూరలు. వాటిలోని ఫోలేట్ అనే విటమిన్ డీఎన్ఏ తయారీకీ, రిపేరుకూ కావాలి. అది తక్కువైతే ఏ రసాయనమూ తగలకపోయినా క్రోమోజోములు విరిగి మైక్రోన్యూక్లియస్‌లు పెరుగుతాయని ఆస్ట్రేలియాలో మైకేల్ ఫెనెక్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చూపించాయి. బీ12 తగ్గినా అంతే. ఏళ్లుగా ఫెనిటాయిన్ వాడేవాళ్లలో ఫోలేట్ తగ్గడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయం. అంటే మీ వారి బుగ్గ కణాల్లో కనిపించినదానికి పెట్రోల్, వక్క కాకుండా మూడో కారణం కూడా ఉండొచ్చు. దీని గురించి ఆ గొట్టాల డబ్బా మీద ఒక్క ముక్క ఉండదు. తోటకూర పప్పు, పాలకూర, గోంగూర, మెంతికూర, పెసలు, శనగలు, ఏదో ఒకటి రోజూ ఉండేలా చూడండి. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి, ఫోలేట్ నీళ్లలోకి దిగిపోతుంది. ఎక్కువసేపు మరిగించినా పోతుంది. గుడ్డు, పాలు, పెరుగు తింటే బీ12 అందుతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం మెడికల్ షాపులో మీరే కొని మొదలుపెట్టొద్దు. అది ఫెనిటాయిన్ స్థాయిని తగ్గించవచ్చు, అప్పుడు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఫిట్స్ డాక్టర్‌ను అడిగి, అవసరమైతే ఫోలేట్, బీ12 రక్తపరీక్షలు చేయించి, ఆయన చెబితేనే.

క్యాబేజీ, ముల్లంగి, కాలీఫ్లవర్ కూడా వండండి. బ్రకోలీ చుట్టాలే ఇవన్నీ. వీటిలో రక్షణ పదార్థం ముక్క తరిగినప్పుడు ఒక ఎంజైము వల్ల పుడుతుంది. బాగా ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఉడికిన బ్రకోలీ మీద ఆవపొడి చల్లితే ఆవాల్లోని ఎంజైము వల్ల ఆ పదార్థం మళ్లీ బాగా పుడుతుందని ఇంగ్లండ్‌లో చేసిన పరీక్షల్లో తేలింది. మన ఆవ పెట్టిన కూరలో పచ్చి ఆవపిండి చివర్లో, పొయ్యి దించాక కలుపుతారు కదా. క్యాబేజీకి కూడా అలా ఆవ పెట్టండి, రుచిగా ఉంటుంది. దీనితో బెంజీన్ ఇంత శాతం పోతుందని నేను లెక్క చెప్పను. చీదొంగ్ మోతాదులు మన కూరతో రావు.

అన్నట్టు, వంటింట్లో ఇంకో జన్యు విషం దాక్కుని ఉంటుంది. బూజు పట్టిన పల్లీలు, మొక్కజొన్న, ఎండుమిర్చిలో పుట్టే అఫ్లటాక్సిన్. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం దెబ్బతిని చనిపోయారు. బూజు వాసన వచ్చిన పల్లీలు కడిగి ఎండబెట్టి వాడకండి, పారేయండి. వేయిస్తే పోతుందని అనుకుంటారు, పూర్తిగా పోదు.

ఇంత చెప్పినా తిండి రెండో వరుసలోదే. ఇంటి కప్పు కారుతుంటే కింద గిన్నెలు పెట్టుకోవడం లాంటిది అది. ముందు పైన పెంకు సర్దాలి. మీ వారికి బంకులో చెప్పవలసినవి ఇవి. నాజిల్ ఆటో కట్ అయ్యాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకా కొట్టడం మానాలి. ఆవిరి మొత్తం మొహం మీదికి వచ్చేది, పెట్రోల్ పొంగేది అప్పుడే. కస్టమర్ గొణిగితే గొణగనీ. ట్యాంకు మూతి మీదికి వంగి చూడొద్దు. గాలి తన వెనక నుంచి ట్యాంకు వైపు వీచేలా నిలబడాలి. ట్యాంకర్ దించేటప్పుడు, డిప్ రాడ్‌తో కొలిచేటప్పుడు ఆవిరి అన్నిటికన్నా ఎక్కువ. పనిలేనివాళ్లు అక్కడ ఉండకూడదు. చేతికి గ్రీజు అంటితే పెట్రోల్‌తో కడుక్కోవడం బంకుల్లోనూ, మెకానిక్ షెడ్లలోనూ మామూలైపోయింది. బెంజీన్ చర్మం గుండా కూడా వెళ్తుంది. సబ్బు, నీళ్లు చాలు. పైపుతో నోటితో పీల్చి పెట్రోల్ తీయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పెట్రోల్ తుడిచిన గుడ్డ జేబులో పెట్టుకోవద్దు. గ్లవ్స్ వేసుకుంటే నైట్రైల్ రకం వేసుకోవాలి, మామూలు రబ్బరువి పెట్రోల్‌కు ఆగవు. మొహానికి కట్టే రుమాలు, సర్జికల్ మాస్కు, ఎన్95 కూడా దుమ్మును ఆపుతాయే గానీ ఆవిరిని ఆపవు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న మాస్కు కావాలి. ఓనర్ మంచివాడైతే వారంలో కొన్ని రోజులు డీజిల్ పాయింట్‌లోనో, క్యాష్ దగ్గరో వేయమని అడగమనండి. డీజిల్‌లో బెంజీన్ చాలా తక్కువ. నగరాల్లో ఎక్కువ అమ్మకాలున్న బంకుల్లో నాజిల్ దగ్గరే ఆవిరిని వెనక్కి పీల్చే ఏర్పాటు పెడుతున్నారు. మీ వారి బంకులో అది ఉండి, పనిచేయకుండా పడి ఉంటే బాగు చేయించమని అడగడం ఆయన హక్కు.

ఏడాదికోసారి సీబీపీ రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ చూడాలి. రిపోర్టులు పారేయకుండా వరుసగా దాచండి, ఒక్క రిపోర్టు కన్నా ఏళ్ల మీద వస్తున్న మార్పు ఎక్కువ చెబుతుంది. బెంజీన్ చేసే హానిని మొదట పట్టిచ్చేది బుగ్గ పరీక్ష కాదు, ఇదే. పది మంది కన్నా తక్కువ కాకుండా పనిచేసే బంకు అయి, జీతం నెలకు 21 వేలు దాటకపోతే ఈఎస్ఐ ఉండాలి. ఉంటే డిస్పెన్సరీలోనే పరీక్ష చేస్తారు. బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు ఈఎస్ఐ వృత్తి రోగాల జాబితాలో ఉన్నాయి. అందుకే ఎక్కడ చూపించుకున్నా పెట్రోల్ బంకులో పని అని డాక్టర్‌కు చెప్పాలి, చీటీ మీద రాయించుకోవాలి. మానని జ్వరాలు, చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా ఒంటి మీద నల్లని కమిలిన మచ్చలు, విపరీతమైన నీరసం కనిపిస్తే ఏడాది దాకా ఆగొద్దు.

మీ ఆడపడుచు భర్తతో మాట పట్టింపు రాకుండా ఎలా అన్నది మీరు రాయలేదు గానీ, అడగాలని ఉండి ఉంటుంది. వాళ్ల వ్యాపారం మంచిదా కాదా అనే చర్చలోకి దిగకండి. అన్నయ్యా, ఇందులో మిరియాల సారం ఉంది, ఈయన ఫిట్స్ మాత్రకు అది పడదని తెలిసింది అనండి. అబద్ధం కాదు, ఎవరి మనసూ నొప్పించదు. ఇంకెవరికైనా ఫిట్స్ మాత్రలో, రక్తం పలుచబడే మాత్రలో ఉంటే ఇవి అమ్మొద్దని కూడా ఆయనకు చెప్పండి, ఆయనకే మంచిది.

రెండో బిడ్డ విషయం. బంకు ఉద్యోగం చేస్తున్నందుకు పిల్లల్ని వద్దనుకోవలసిన పని లేదు. చైనాలో బెంజీన్‌తో పనిచేసే మగవాళ్ల వీర్యకణాల్లో క్రోమోజోముల లెక్క తప్పినవి కొంత ఎక్కువగా కనిపించిన మాట నిజం. అది బిడ్డకు తప్పకుండా సమస్య వస్తుందని చెప్పేది కాదు, బెంజీన్ తగ్గించుకోమని చెప్పేది. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ప్రయత్నం మొదలుపెట్టడానికి మూడు నెలల ముందు నుంచే వక్క మానేసి, పైన చెప్పిన జాగ్రత్తలు పాటించమనండి. మీరు కూడా గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. ఏఎన్ఎమ్‌ను అడగండి, పీహెచ్‌సీలో ఇస్తారు. అది మీ కోసం, ఆయనతో పంచుకునేది కాదు. ఆయన యూనిఫాం ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. డ్యూటీ దిగగానే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోమనండి. ఫిట్స్ డాక్టర్ దగ్గరికి ఈసారి వెళ్లేటప్పుడు మీరూ వెళ్లి, రెండో బిడ్డ కోసం చూస్తున్నామని చెప్పండి. మందులో మార్పు ఏదైనా కావాలంటే వాళ్లు అప్పుడే చెబుతారు.